స్టెప్నీ లేని కారు, ఐదు నక్షత్రాల సాయం

కరెంటు కారు కొన్న ప్రతివాడికీ ఒక్కసారైనా నడిరోడ్డు మీద టైరు పేలాలని మనసారా కోరుకుంటున్నాను. ఇది శాపం కాదండీ, దీవెన! ఆ భాగ్యం మొన్న నాకు దక్కింది. అనుభవించినవాడిగా చెబుతున్నాను, వినండి.

పాత పెట్రోలు బండ్లలో ఏముండేది? డిక్కీలో స్టెప్నీ, పక్కన జాకీ, ఒక పానా. టైరు పోతే చొక్కా చేతులు మడిచి, నట్లు విప్పి, మళ్లీ బిగించి, మసి చేతులతో వెళ్లిపోయేవాళ్లు. ఎంత అనాగరికం! నా కారులో స్టెప్నీయే లేదు. దాని చోట ఖాళీ ఉంది. షోరూం అమ్మాయి ఆ ఖాళీని "ప్రీమియం స్పేస్ సార్" అని చూపిస్తే, నేను వంగి మరీ చూసి మురిసిపోయాను.

ఆ రోజు నేను వెళుతున్నది మా అమ్మను ఇంటికి తీసుకురావడానికి. కంటి ఆపరేషనయి, ఆస్పత్రి వరండాలో బెంచీ మీద కూర్చుని ఉంది. దుమ్ము తగలకూడదు, కుదుపులు ఉండకూడదు అన్నాడు డాక్టరు. మా బావ తన పాత కారులో తీసుకొస్తానన్నాడు. "ఆ డొక్కులోనా? ఉన్న కన్ను కూడా ఊడుతుంది!" అని నవ్వి పంపేశాను. కుదుపంటే ఏమిటో తెలియని కారు నా దగ్గరుండగా!

ఫ్లైఓవర్ దిగగానే టైరు పక్కభాగం చెయ్యి దూరేంత చీలింది. డిక్కీలో రిపేరు కిట్ పేరుతో ఓ జిగురు డబ్బా ఉంది. దాని మీద "చిన్న రంధ్రాలకు మాత్రమే" అని రాసి ఉంది. రంధ్రం సైజు చూసుకోకపోవడం నా తప్పే కదా!

యాప్‌లో "సహాయం" నొక్కాను. కాసేపు సంగీతం వినిపించి, ఒకమ్మాయి పలికింది.

"సార్, మీ బండిలో స్టెప్నీ ఉందా?"

"లేదమ్మా. మీ కంపెనీయే ఇవ్వలేదు."

"అవును సార్, ఈ మోడల్‌కి రాదు. అయినా అడగాలి సార్."

చూశారా క్రమశిక్షణ! తర్వాత నాలుగు టైర్లకీ ఫోటోలు తీసి పంపమంది. బాగున్నవి ఎందుకమ్మా అంటే, పోల్చుకోవడానికట. ట్రాఫిక్‌లో కారు చుట్టూ ప్రదక్షిణ చేసి తీశాను. డాక్టర్లు నన్ను నడవమని ఎప్పటినుంచో మొత్తుకుంటున్నారు, అదీ నెరవేరింది!

ఇంతలో అమ్మ ఫోను. "ఎక్కడున్నావురా?"

"వచ్చేస్తున్నానమ్మా. అక్కడే కూర్చో, కదలకు."

యాప్‌లో మ్యాపు మీద ఒక బుల్లి లారీ బొమ్మ పాకుతోంది. ఒకసారి చెరువు మధ్యలో కూడా కనిపించింది. నా కోసం ఈదుకుంటూ వస్తున్నారన్నమాట!

చివరికి లారీ వచ్చింది, వెనక కొక్కెంతో. డ్రైవరు దిగి చూసి తల పట్టుకున్నాడు. "కరెంటు బండా? దీన్ని కొక్కేనికి తగిలించి ఈడిస్తే మోటారు పోతుంది సార్. మొత్తం పైకెక్కించుకునే బండి కావాలి. నాకు చెప్పలేదే!" నా కారుతో ఒక ఫోటో దిగి వెళ్లిపోయాడు.

వెంటనే యాప్ మోగింది. "మా ప్రతినిధి మిమ్మల్ని చేరుకున్నారు. కేసు విజయవంతంగా ముగిసింది. సహాయం అందిందా?" లేదు అని నొక్కితే మళ్లీ అదే ప్రశ్న. అవును అంటే తప్ప కొత్త కేసు తెరుచుకోదు. అబద్ధమాడటం ఇష్టంలేక ఎండలో నిలబడ్డాను. బావకు ఫోన్ చెయ్యొచ్చు కదా అంటారా? ఏ మొహం పెట్టుకుని?

అప్పుడు ఆస్పత్రి వైపు నుంచి ఎదురొచ్చిన ఒక బస్సు నన్ను దాటి కాస్త ముందుకెళ్లి ఆగింది. కంటికి కట్టుతో, కమ్మీ పట్టుకుని, తడుముకుంటూ ఒకావిడ దిగింది. మా అమ్మ!

"కూర్చుని కూర్చుని నడుం పట్టేసింది. కిటికీలోంచి నువ్వు కనబడ్డావు, డ్రైవర్ని బతిమాలి ఆపించాను."

"బస్సులో ఎందుకొచ్చావమ్మా, అన్ని కుదుపుల్లో?"

"నీ కారులో కుదుపుల్లేవు, నిజమే. కదిలితేగా ఉండటానికి! మొహం చూడు ఎలా వాడిపోయిందో. ఈ నీళ్లు తాగు. బావకి ఫోన్ చేసి చెప్పానులే, వస్తున్నాడు."

కట్టు అంచున పేరుకున్న దుమ్ము చూసి నాకు తల కొట్టేసినట్టయింది.

ఫోను మళ్లీ మోగింది. సహాయం అందిందా?

ఈసారి నిజాయితీగా అవును అని నొక్కాను. ఎన్ని నక్షత్రాలు అంటే ఐదూ ఇచ్చాను. "మీలాంటి సంతృప్త కస్టమర్లే మా బలం" అని జవాబొచ్చింది. రేపెప్పుడైనా వాళ్ల హోర్డింగు మీద ఆ ఐదు నక్షత్రాలు కనబడితే గుర్తుపట్టండి. అవి మా అమ్మవి.