గోడ మీద కడుపు

“పేదోడి కడుపుల ఏమున్నదో ఇగ గోడ మీద చూపిస్తం!” అని డిజిటల్ ఆరోగ్య శాఖ మంత్రిగారు హైటెక్ సిటీ సభలో ప్రకటించారు. ఇంత లోతైన ఆలోచన ఇంతవరకూ ఏ ప్రభుత్వానికీ రాలేదని వేదిక మీదున్న వాళ్లంతా ఏకగ్రీవంగా ఒప్పుకున్నారు. ఎండోస్కోపీ అంటే గొంతులోంచి కెమెరా గొట్టం దించి కడుపు లోపల చూడటమే కదా. ఆ చూసేదేదో డాక్టరు ఒక్కడే చిన్న తెర మీద చూసుకోవడం ప్రజాస్వామ్యమా? అరచేతిలో పట్టే ప్రొజెక్టరుతో గోడంత చేసి రోగికీ, బంధువులకీ, పత్రికల వాళ్లకీ చూపించాలని మంత్రిగారి సంకల్పం.

కొత్తగూడ వెనక సందులో కొత్తగా కట్టిన సర్కారు దవాఖానలో ప్రారంభోత్సవం. ఏర్పాట్లన్నీ పి.ఎ. శ్రీనివాసరావు నెత్తిన పడ్డాయి. ఆయనది కాకినాడ, కాపురం మియాపూర్‌లో. పన్నెండేళ్ల సర్వీసులో నలుగురు మంత్రుల దగ్గర పనిచేసి, ఒక్కరికీ ఒక్క చెడ్డ కబురు చేరనివ్వని ఘనుడు. అందులో ఈ మంత్రిగారంటే మరీ అభిమానం. తన భార్య రాజరాజేశ్వరికి ఆపరేషన్ జరిగిన రోజు ఈయన అసెంబ్లీ మానేసి పొద్దంతా ఆసుపత్రి బయట తనతోపాటు కూర్చున్నారు మరి.

ముందురోజు రసజ్ఞ వచ్చింది. ప్రొజెక్టర్లు విరాళమిచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇంజనీరు ఆ అమ్మాయి. గదంతా కలయజూసి, “కెమెరా గొట్టం ఎక్కడుంది సార్?” అంది.

“టెండర్లో ఉందండి.”

“మరి రేపు ఏం చూపిస్తాం?”

“అది మీరే చెప్పాలండి. హైటెక్ సిటీ వారు కదా.”

రసజ్ఞ ఏమాత్రం కంగారు పడలేదు. “నో ఇష్యూస్ సార్. క్లయింటుకి లైవ్ డెమో ఎవరిస్తారు? రికార్డింగ్ ప్లే చేసి లైవ్ అంటాం. మా ఆఫీసులో ఆరేళ్లుగా అదే నడుస్తోంది. మంచి కడుపు వీడియో ఒకటి ఇవ్వండి, చాలు.”

మంచి కడుపు అనగానే శ్రీనివాసరావుకి తట్టింది. నెల కిందట మంత్రిగారికి ఛాతీలో మంటగా ఉందంటే ఓ పెద్ద కార్పొరేట్ ఆసుపత్రిలో ఎండోస్కోపీ చేయించారు. వాళ్ల ఆరో అంతస్తు అనుమతి ఫైలు ఆ వారం మంత్రిగారి బల్ల మీదే ఉండటం వల్ల కాబోలు, ఎంతో మర్యాద చేశారు. “కడుపు నిష్కళంకంగా ఉంది సార్” అని శ్రీనివాసరావుతో చెప్పి, బొకే ఇచ్చి పంపారు. ఆ మంచి కబురు మంత్రిగారికి చేరవేసింది ఆయనే. ఆ వీడియో ఉన్న పెన్ డ్రైవ్ కవరు విప్పకుండా శ్రీనివాసరావు బ్యాగులోనే ఉంది. సాక్షాత్తూ మంత్రిగారి కడుపుకన్నా మంచి కడుపు ఇంకెక్కడ దొరుకుతుంది?

రోగి మాత్రం పేదవాడే కావాలి గనక నిజాంపేట హాస్టల్లో వాచ్‌మన్‌గా ఉన్న తిమ్మప్పను పట్టుకొచ్చారు.

“నాకేం లేదు సామీ, రవ్వంత గ్యాసు,” అన్నాడు తిమ్మప్ప.

“అది చాలయ్యా,” అన్నాడు శ్రీనివాసరావు.

మర్నాడు తిమ్మప్పను తెర వెనక మంచం మీద పడుకోబెట్టి, నోరు మెదపొద్దన్నారు. తెర ముందు గోడ మీద కడుపు వెలిగింది. తలుపంత కడుపు, ఎర్రగా, తళతళలాడుతూ! వ్యాఖ్యానానికి పిలిపించిన డాక్టర్ అశ్వినికి లోపల ఇంకో డాక్టరు గొట్టం పట్టుకుని ఉన్నాడని చెప్పారు. పాపం ఆవిడ నమ్మింది.

“అబ్బ, ఏం క్లారిటీ!” అని మంత్రిగారు మొట్టమొదట చప్పట్లు కొట్టారు.

“ఒక్క నిమిషం, ఆపండి,” అంది అశ్విని. రసజ్ఞ మీట నొక్కగానే లైవ్ కడుపు ఉన్నపళంగా ఆగిపోయింది. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు.

అశ్విని గోడ దగ్గరకు వెళ్లి వేలు పెట్టి చూపించింది. “ఇదిగో సార్, ఇది కణితి. వెంటనే ముక్క తీసి పరీక్షకు పంపాలి. అశ్రద్ధ చేస్తే మనిషి దక్కడు.”

శ్రీనివాసరావు బ్యాగులోని పెన్ డ్రైవ్ కవరు తీసి, దాని మీద మంత్రిగారి పేరు మళ్లీ చదువుకున్నాడు. మంత్రిగారికి కళ్లు చెమ్మగిల్లాయి. ఆయన మైకు అందుకుని తెర వైపు తిరిగి, “ఫికర్ జెయ్యకు తిమ్మప్పా! నీకు పెద్ద దవాఖానల ఇలాజ్ చేయించే జిమ్మెదారి నాది!” అన్నారు. తెర వెనక నుంచి “నాకు గ్యాసే సామీ” అన్న మాట చప్పట్లలో కలిసిపోయింది.

కారులో శ్రీనివాసరావు గొంతు సవరించుకున్నాడు. “సార్, ఆ కణితి...”

“పాపం, బీదోడు. దేవుడు గిట్ల జేసిండు.”

“మీరు కూడా ఒకసారి చూపించుకుంటే...”

“నాదా? నిష్కళంకం అని నువ్వే చెప్తివి గదనయ్యా.”

చెప్పింది నిజమే. చెడ్డ కబురు చెప్పాలంటే ఎక్కడ మొదలెట్టాలో పన్నెండేళ్లలో నేర్చుకోలేదాయె. చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే మనిషి పోతాడు. రెండు రోజులు ఆయనకు ముద్ద దిగలేదు.

ఈలోగా తిమ్మప్పను సైరను మోగించుకుంటూ పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. వద్దు మొర్రో అంటున్నా వినకుండా గొట్టం దించి చూశారు. కడుపు శుభ్రంగా ఉంది. కణితి లేదు సరిగదా, దాని జాడ కూడా లేదు.

ఇంకొకరైతే తలపట్టుకునేవారు. మంత్రిగారు పత్రికల వాళ్లను పిలిపించారు. “కణితి ఉన్నదని డాక్టరే చెప్పింది. ఇప్పుడు లేదని గూడ డాక్టర్లే చెప్తున్నరు. నడుమ పడ్డది మా ప్రొజెక్టర్ లైటొక్కటే! ఇగ మీరే సమజ్ చేసుకోండ్రి.” సమజ్ చేసుకున్నారు. ‘ప్రొజెక్టర్ కాంతికి కరిగిన కణితి’ అని మర్నాడు పత్రికలు రాశాయి. దవాఖాన ముందు జనం చొక్కాలు ఎత్తుకుని ఫ్లైఓవర్ దాకా బారులు తీరారు. పత్రికల్లో వచ్చింది గనక మంత్రిగారు కూడా నమ్మారు.

పది రోజుల తర్వాత, మధ్యాహ్నం భోజనం మధ్యలో మంత్రిగారు కడుపు పట్టుకుని వంగిపోయారు. సోఫా మీద వాలి, “శ్రీనివాస్, ఆ ప్రొజెక్టర్ పట్టుకరా. కర్టెన్లు గుంజు,” అన్నారు.

శ్రీనివాసరావు తెచ్చాడు. మంత్రిగారు లాల్చీ పైకెత్తారు. పొట్ట మీద నీలం రంగు చతురస్రం పడింది. దాని మధ్యలో ‘నో సిగ్నల్’ అని అక్షరాలు.

“జర కిందికి... ఆఁ, అక్కడనే. సల్లగున్నది.”

శ్రీనివాసరావుకి దుఃఖం ఆగలేదు. ప్రొజెక్టరు పక్కన పెట్టి మంత్రిగారి పాదాలు పట్టేసుకున్నాడు. “సార్, నన్ను ఉద్యోగంలోంచి తీసేసినా సరేనండి. ఆ రోజు గోడ మీద చూపించింది తిమ్మప్ప కడుపు కాదండి. మీదండి. నెల కిందటి వీడియో అండి. కణితి మీకేనండి. రేపు పొద్దున్నే ఆసుపత్రిలో టైము తీసుకున్నాను. రండి సార్, మీకు దణ్ణం పెడతాను.”

మంత్రిగారు లేచి కూర్చున్నారు. వంగి తన పొట్ట చూసుకున్నారు.

“నిజంగ నాదేనా?”

“మీదేనండి.”

“అమ్మతోడు?”

“అమ్మతోడండి.”

మంత్రిగారి ముఖం మెల్లగా విప్పారింది. “అంటే ఆ రోజు లైటు పడ్డది నా కణితి మీదనే గదా! అది ఎప్పుడో కరిగిపోయి ఉంటది. దీనికి గింత పరేషాన్ అయితవేందయ్యా!” అని ఆయన శ్రీనివాసరావును లేవనెత్తి కళ్లు తుడిచారు.

తర్వాత లాల్చీ సర్దుకుని, “ఆ దవాఖాన టైము క్యాన్సిల్ చెయ్. మటన్ బిర్యానీ తెప్పియ్. ఇద్దరికీ,” అన్నారు.