పేర్లు దాచిన బొమ్మలు

ఇకపై ఆన్‌లైన్‌లో ఏ కళాకారుడికీ అన్యాయం జరగనివ్వనని సాంస్కృతిక శాఖ మంత్రిగారు ప్రకటించారు. బంధుబలగం ఉన్నవాడికే లైకులు పడుతున్నాయని తెలిసి ఆయనకు అన్నం సయించలేదట. అందుకని శాఖవారి చిత్రకళా గ్రూపులోని బొమ్మలకు ఒక కమిటీ మార్కులు వేస్తుంది. ఏ బొమ్మ ఎవరిదో ఫలితాల దాకా బయటపెట్టరు. మొదటి ర్యాంకు వచ్చినవారికి బడిలో డ్రాయింగు టీచరు ఉద్యోగం. తానూ మామూలు పౌరుడిలా ఒక బొమ్మ పెట్టానని మంత్రిగారు వినయంగా సెలవిచ్చారు.

మా వదిన ఆ ఉద్యోగం మీదే ఆశ పెట్టుకుంది. అన్నయ్య పనిచేసే మిల్లు మూతపడి ఇంటి భారం ఆమె మీద పడింది. పోటీకి ఆమె వేసిన బొమ్మ చూసి, కుర్చీ చక్కగా కుదిరిందన్నాను.

"అది గుర్రం, మరిదీ" అంది.

కమిటీ గదిలో బొమ్మలు తెరమీద చూపే గుమాస్తాను నేనే. మొదటి బొమ్మకే కమిటీ పెద్ద, శాఖ డైరెక్టరుగారి కలం ఆగిపోయింది. ఇది మంత్రిగారిదైతే? తక్కువ వేసి బతికేదెలా? తక్కిన సభ్యులూ కలాలు మూసేశారు. చివరికి డైరెక్టరుగారే దారి కనిపెట్టారు.

"మంత్రిగారు కుంచె పట్టింది మొన్న. అన్నిటికంటే అధ్వానంగా ఉన్నదే వారిది. దానికి మొదటి ర్యాంకు ఇద్దాం. బాగున్నవాటిని కిందికి తోసేస్తే సరి."

అంతలో తెరమీదికి వదిన గుర్రం వచ్చింది. అందరూ లేచి నిలబడ్డారు.

అది మా వదినదని చెప్పబోయాను. కానీ పేరు బయటపెట్టకూడదని ఆదేశం. దేవుణ్ణి తలుచుకుని తర్వాతి బొమ్మ తెరమీదికి తెచ్చాను. నిజం దాచడం పాపమా, ఆదేశం మీరడం పాపమా, ఇప్పటికీ నాకు తేలలేదు.

ఫలితాల సభలో వదిన పేరు మొదట వచ్చింది. మంత్రిగారు తన పేరు వెతుక్కుంటూ కిందికి, ఇంకా కిందికి పోయి చిట్టచివర ఆగారు. డైరెక్టరుగారికి చెమటలు పోశాయి. మంత్రిగారు ఆయనను పల్లెత్తు మాట అనలేదు. తన వెనక నిలబడ్డ బక్కపలచని మనిషిని దగ్గరికి పిలిచారు. మైకు సర్దుతున్న నాకు వినిపించింది.

"పేరున్న చిత్రకారుడివని నీ చేత వేయించాను కదయ్యా. పరువు తీశావు."

ఇప్పుడు వదిన టీచరు. మంత్రిగారి బొమ్మలు కూడా ఆమే వేసిపెడుతోంది. ఆ బక్కపలచని మనిషి రోజూ సాయంత్రం మా వరండాలో కూర్చుని ఆమె దగ్గర శ్రద్ధగా నేర్చుకుంటున్నాడు.

"పాపం, కష్టపడతాడు గానీ, చేతిలో కళ లేదు మరిదీ" అంటుంది వదిన.