కుడి మోకాలిలో మకాం

సోమవారం ఉదయం పదిన్నరకు వాపుగారు బదిలీ ఉత్తర్వుతో వచ్చి, లైన్‌మన్ గుమ్మళ్ల సన్యాసిరావు కుడి మోకాలిలో విధుల్లో చేరారు. సన్యాసిరావు చేరిక పత్రం మీద సంతకం చేశాడు.

వాపుగారు ఆ ఇంటికి కొత్త కాదు. రెండేళ్ల కిందట సన్యాసిరావు నిచ్చెన మీంచి జారినప్పుడు వచ్చి, దెబ్బ మానేదాకా నాలుగు రోజులు పనిచేసి, చప్పుడు లేకుండా వెళ్లిపోయారు. మంచి అధికారి అని వీధిలో పేరు. ఈసారి దెబ్బేమీ లేదు. ఉత్తర్వులో కారణం దగ్గర "వంటింటి ఆహ్వానం మేరకు" అని ఉంది.

ఆహ్వానం అంటే సన్యాసిరావు భార్య పైడితల్లి స్టీలు డబ్బా. బజ్జీలు వేసిన నూనెను వడగట్టి అందులో పోస్తుంది. మర్నాడు దాంతోనే అప్పడాలు, ఆ మర్నాడు పోపు. నూనె పారబోసే ఇల్లు ఆ వీధిలో లేదు.

నెలాఖరుకు స్తంభం ఎక్కే పరీక్ష ఉంది. ఎక్కలేనివాళ్లను స్టోరులో కూర్చోబెడతారు. కరెంటు రాగానే వీధంతా ఒక్కసారిగా "వచ్చింది!" అని అరుస్తుంది. ఆ అరుపును స్తంభం మీంచి వినడానికే సన్యాసిరావు ఇరవై ఏడేళ్లుగా ఎక్కుతున్నాడు.

"తవరెల్లాలంటే నానేటి చెయ్యాలి సార్?" అని తిన్నగానే అడిగాడు.

వాపుగారు నొచ్చుకోలేదు. "కవళ్ల చేపల పులుసు, అవిసె గింజల పొడి ఉన్న ఇంట్లో మా శాఖకు పని తక్కువ. ఆ డబ్బా మూత తియ్యకపోతే ఫైలు మూసేస్తాను," అన్నారు.

పైడితల్లి డబ్బాను అటకెక్కించింది. మొదటి వారం వాపుగారు రెండు మెట్లకు అనుమతిచ్చారు, రెండో వారం ఎనిమిదికి. పరీక్ష వారం ఉందనగా ఆయనకు రిలీవింగ్ ఉత్తర్వు వచ్చింది.

"ఓలమ్మ, ఎంత మంచోడండీ! రెండు గారెలేనా ఎయ్యకుండా ఎలాగ పంపిస్తాం?" అంది పైడితల్లి.

"ఏ నూనెతోటే?" అన్నాడు సన్యాసిరావు.

"అటక మీద ఉందిగా. వీడుకోలుకి కొత్త పేకెట్టు ఇప్పుతారేటి?"

వాపుగారు వద్దన్నారు. అయినా అధికారిని ఖాళీ కడుపుతో పంపడం ఆ వీధి ఎరగదు. ఎదురింటివాళ్లు పకోడీలు పంపారు, పక్కింటివాళ్లు జంతికలు, ఎవరి డబ్బాలోంచి వాళ్లు. వీడుకోలు వారం రోజులు సాగింది. వాపుగారి తరఫున తినవలసింది సన్యాసిరావే. అది పాత ఏర్పాటు. ఏడో రోజున వాపుగారు ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి చించేశారు.

పరీక్ష నాడు పక్క సెక్షన్ లైన్‌మన్ స్తంభం ఎక్కాడు. కరెంటు వచ్చింది. సన్యాసిరావు కింద నిలబడి అందరితోపాటు "వచ్చింది!" అని అరిచాడు. కింద నుంచి కూడా బాగానే ఉంది.

సాయంత్రం వాపుగారు కొత్త ఫారం తీశారు. శాఖ విస్తరిస్తోంది, సిబ్బందికి వసతి చూడాలి.

"మీ గుండెలో గదులెన్ని?"

"నాలుగండి."

"అన్నీ వాడుకలోనే ఉన్నాయా?"

సన్యాసిరావు ఆలోచించాడు. పెద్ద అధికారి నోరు తెరిచి అడిగారు. "ఒకటి సర్దుతాంలెండి సార్," అని సంతకం చేశాడు.

పైడితల్లి పొయ్యి మీద బాణలి పెట్టి, వచ్చేవాళ్లు ఎంతమందో అడగమంది.