పావురం ఉందన్నదెవరు?

మా అపార్టుమెంటులో పుకార్లను సమూలంగా నిర్మూలించామని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. ఇకపై ఏ మాటైనా ‘సమాచార విశ్వసనీయతా సంఘం’ పరిశీలించి మార్కులు వేశాకే నిజమవుతుంది.

మార్కుల పద్ధతి శాస్త్రీయం. కళ్లారా చూసినవాడికి సున్నా. విన్నవాడికి పాస్ మార్కులు. విన్నవాడి దగ్గర విన్నవాడికి ఫస్టు క్లాసు. పరదేశం నుంచి వచ్చిన కబురైతే సంఘం లేచి నిలబడి వింటుంది.

అధ్యక్షులవారు రిటైరైన హెడ్మాస్టరు. వారి మనవడికి కొన్నాళ్లుగా విరేచనాలు తగ్గడం లేదు. ఒక ఉదయం కోడలు బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కింది. నీళ్ల ట్యాంకు మూత పక్కకు జరిగి ఉంది. తొంగి చూసింది. బట్టలక్కడే వదిలేసి కిందికి పరుగెత్తింది.

“మావయ్యగారూ, ట్యాంకులో పావురం చచ్చి తేలుతోంది. బాబుకి తగ్గనిది అందుకేనండీ.”

“ఎవరు చెప్పారు?”

“ఒకరు చెప్పడమేంటండీ, నేనే చూశాను.”

“అక్కడే వచ్చింది చిక్కు. చూసినవాళ్లకి ఆవేశం ఉంటుందమ్మా. చూడనివాళ్లయితే నిదానంగా చెబుతారు. పైగా పిల్లాడి తల్లివి. నీకు స్వార్థం ఉంది.”

“పోనీ, మీరొచ్చి చూడండి.”

“చూస్తే నేనూ సాక్షినైపోతాను. ఇక తీర్పెవరు చెబుతారు?”

దూరపు కొండలే నునుపని కోడలికి అర్థమైంది. వేరే ఊళ్లో ఉన్న పిన్నికి ఫోన్ చేసి చెప్పింది. పిన్ని దాన్ని తన వాట్సాప్ గ్రూపులో పెట్టింది. ఆ గ్రూపు ఇంకో గ్రూపుకిచ్చింది. సాయంత్రానికల్లా కబురు సముద్రాలు దాటొచ్చి, విదేశీ శాస్త్రవేత్తల హెచ్చరికగా అధ్యక్షులవారి ఫోన్లో దిగింది: “మీ నీళ్ల ట్యాంకులో డేగ చచ్చి ఉంది. వెంటనే పదిమందికి పంపండి.”

అధ్యక్షులవారు ముందు పదిమందికీ పంపారు. తర్వాత సంఘాన్ని వెంటబెట్టుకుని డాబా ఎక్కారు. మూత తీసి టార్చి వేశారు. అందరూ తొంగి చూశారు.

డేగ లేదు.

“చూశారా, ఎంత నిరాధారమో” అన్నారు అధ్యక్షులవారు, అడ్డొస్తున్న పావురాన్ని కర్రతో పక్కకు నెట్టి మరోసారి వెతుకుతూ. మూత బిగించారు. నీరు సురక్షితమని లిఫ్టు పక్కన నోటీసు అంటించారు.

మర్నాడు సంఘం కునుకు తీస్తున్న వేళ, కోడలు పావురాన్ని తీసి పారేసి, ట్యాంకు ఖాళీ చేసి, బ్లీచింగు పొడితో కడిగింది. నాలుగు రోజుల్లో పిల్లవాడు తేరుకున్నాడు. నోటీసు ఇంత బాగా పనిచేసినందుకు సంఘం అధ్యక్షులవారిని ఘనంగా సన్మానించింది. కోడలు చప్పట్లు కొట్టింది.

ఇది చదివాక మీకూ మీ ట్యాంకు మూత ఎత్తి చూడాలనిపిస్తోందేమో. తొందరపడకండి. ఒకసారి చూశారంటే మీ మాట మీ ఇంట్లోనే ఎవరూ నమ్మరు.