ఒకే సౌండు, ఒకే బిడ్డ!

కంప్యూటర్‌కు చెవులు మొలిచాయి! ఇదొక పీడ అని ఎవరైనా అంటే నమ్మకండి. మానవజాతికి ఇంతకన్నా మేలు చేసిన చెవులు లేవు.

ఒకప్పుడు దానికి కళ్లే ఉండేవి. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా వచ్చినా మొహం తిప్పుకునేది. ఇప్పుడలా కాదు, పేరు ఎలా వినిపిస్తుందో చూస్తుంది. అచ్చుల్ని తీసి అవతల పారేస్తుంది. ట, త, డ, ద అన్నిటినీ ఒకే గంపలో వేస్తుంది. మిగిలినవాటిలో మొదటి నాలుగూ కలిస్తే మనిషీ ఒకరేనని తేల్చేస్తుంది. ఈ తేడాలు పలకలేదని చిన్నప్పుడు మన చెవులు మెలేసిన పంతుళ్లు ఇప్పుడేమంటారు?

ఎంత సౌకర్యమో చూడండి! తిరుమల్ కోసం వెతికితే థర్మల్ స్టేషన్ దొరుకుతుంది. ఎవరో పార్వతికి వెళ్లాల్సిన గర్భిణుల చెకప్ మెసేజీలు పర్వతాలు అనే మీసాలాయనకు వస్తాయి. వెతికినవాడు వట్టి చేతులతో పోవడమన్నది లేదు.

ఆ పర్వతాలు సంగతే చెబుతాను. రెజిమెంటల్ బజార్లో స్టీలు సామాన్ల దుకాణం, కాప్రాలో ఇల్లు, కవల ఆడపిల్లలు. కవలలు పుడితే మనవాళ్లు ఊరుకుంటారా? పేర్లకు ప్రాస కుదరాల్సిందే! చుట్టాలంతా తర్జనభర్జన పడి నవత, నవిత అని ఖాయం చేశారు. పర్వతాలు పొంగిపోయి చెరో గ్లాసు మీద పేరు చెక్కాడు.

పిల్లలిద్దరూ ఏ.ఎస్. రావు నగర్ నెట్ సెంటర్లో నర్సింగ్ ఎంట్రెన్సుకు దరఖాస్తు పెట్టారు. నవత ఏదో తోడుగా పెట్టింది. నవిత మాత్రం బొమ్మలకు సూదిమందు వేసిన నాటి నుంచి ఆ తెల్ల గౌను మీదే ప్రాణం పెట్టుకుంది. హాల్‌టికెట్ నవతకు వచ్చింది. నవితకు మెసేజ్ వచ్చింది: "మీ డూప్లికేట్ దరఖాస్తు తొలగించబడినది. సహకారానికి ధన్యవాదాలు."

పర్వతాలు పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని హెల్ప్ డెస్కుకు ఉరికాడు. కౌంటర్లో ప్రిసిల్లా అనే అమ్మాయి ఉంది. పాపం, మంచిదే.

"నాకు ఇద్దరు బిడ్డలమ్మా. ఒక్కతే అంటదేంది మీ కంప్యూటరు?"

"పుట్టిన తారీఖు ఒకటే, అడ్రస్ ఒకటే, ఫాదర్ ఒకరే. పేరు సుత సౌండ్ ఒకటే వస్తుంది అంకుల్. సిస్టమ్ సేమ్ పర్సన్ అనుకుంటది."

"ఇద్దరు నీ ముంగటనే నిలబడ్డరు గద! జెర చూడరాదు?"

"నేను చూస్తున్న అంకుల్. సిస్టమ్ చూడాలె గద."

ఎంత న్యాయమైన మాట! పైగా లాభాలు చూడండి. ఒకే బిడ్డ, ఒకే యూనిఫాం, ఒకే అల్లుడు! అక్కాచెల్లెళ్లు జుట్లు పట్టుకుంటే అది ఆత్మపరిశీలన కిందికి వస్తుంది.

ప్రిసిల్లాయే ఒక దారి చూపింది. తండ్రి తన గుర్తింపు కార్డులు రెండు పెట్టి, వీళ్లు వేర్వేరు పిల్లలని పూచీ పడితే చాలట. పర్వతాలు సంబరంగా కార్డులు తీశాడు. ఒకదాంట్లో ఆయన పేరులోని 'త'కు మనవాళ్ల అలవాటు ప్రకారం ఇంగ్లిషులో టీ పక్కన హెచ్ ఉంది. రెండోదాంట్లో ఒట్టి టీ. అంతే! కంప్యూటర్ చెవులు మూసుకుని కళ్లు తెరిచింది.

"నేమ్ మిస్‌మ్యాచ్ అంటుంది అంకుల్. ఈ పర్వతాలు వేరే, ఆ పర్వతాలు వేరే అంట."

"ఏందమ్మా గీ పరేషాన్! పార్వతిని నేనైత గని, పర్వతాలును నేను గానా?"

అలా ఇద్దరు కూతుళ్లు ఒకరయ్యారు, ఒక్క తండ్రి ఇద్దరయ్యాడు.

పరీక్ష రోజు పొద్దున నవత తన హాల్‌టికెట్ చెల్లెలి చేతిలో పెట్టింది. "నువ్వే పోవే. నాకంటే నీకే కావాలె. ఎట్లయినా మనం ఒక్కరమే గద!"

అచ్చుగుద్దినట్టున్న పిల్లలు, ఎవరు పోలుస్తారు? కానీ గేటు దగ్గర ఆధార్‌తో సరిచూసే వేలిముద్ర మిషను పెట్టారు. నవిత బొటనవేలు ఆనించగానే అది ఎర్రగా అరిచింది. దొంగ పరీక్ష అని, తోడొచ్చిన నవతతో సహా ఇద్దర్నీ పక్కన నిలబెట్టారు. నవత హాల్‌టికెట్ కూడా రద్దు చేశారు. నవిత అక్కను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఉరుకుతూ వచ్చిన పర్వతాలు చేతికి పరిశీలకుడు ఒక కాగితం ఇచ్చాడు. కింద ముద్ర కూడా ఉంది: "నవత, నవిత వేర్వేరు వ్యక్తులని కంప్యూటర్ ద్వారా నిర్ధారించడమైనది."

పర్వతాలు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు.

"గీ కాయిదం కోసమే గద సారూ నేను తిరిగి తిరిగి సచ్చింది. నిన్ననే ఇస్తే మీకేం పోయేది?"