మూడో అంతస్తు బాల్కనీలో సెలైన్ బాటిల్

దేశంలో యాప్ లేకుండా, టోకెన్ లేకుండా, ఒక్కనాడైనా సర్వర్ డౌన్ కాకుండా నడుస్తున్న వ్యవస్థ ఒకే ఒక్కటి ఉంది. దాని పేరు పరామర్శ. మనిషి మంచాన పడ్డాడన్న వార్త పొక్కిన గంటలోపు కమలాపళ్లు, బ్రెడ్డు ప్యాకెట్టు, అచ్చం అదే రోగంతో పోయిన ఒక బంధువు కథ రోగి తలాపుకు చేరి తీరతాయి. ఈ వేగం అంబులెన్సుకు ఇంకా అందలేదు.

ఇంత గొప్ప వ్యవస్థను జనం ఇష్టానికి వదిలేయడం క్షేమం కాదని ఎల్బీనగర్‌లోని వరసిద్ధి ఎన్‌క్లేవ్ ఓనర్ల సంఘం గుర్తించింది. వెంటనే పరామర్శల ఉపసంఘం వేసింది. (లిఫ్టుకూ ఒక ఉపసంఘం ఉంది. ఉపసంఘం నడుస్తోంది, లిఫ్టు నడవడం లేదు.) సంఘం అధ్యక్షుడు యాదగిరి. ఇప్పుడు అపార్ట్‌మెంటు ఉన్న చోట ఒకప్పుడు వాళ్ల నాన్న వంకాయలు పండించేవాడు కాబట్టి, అధ్యక్ష పదవికి ఎన్నిక అవసరమని ఎవరికీ తోచలేదు. ఉపసంఘం కన్వీనరు విశ్వేశ్వరరావు. ఆయన ఖజానా శాఖలో సర్వీసంతా చేసి, ఒక్క బిల్లునైనా మొదటిసారే పాస్ చేశాడన్న నింద పడకుండా రిటైరైన మనిషి.

నిబంధనలు ఆయనే రాశారు. ఒక ఇంటికి ఒకేసారి ఇద్దరికి మించి పోరాదు. వరసగా అందరూ యాపిల్సే తేరాదు. రోగి ఎదుట ఆస్తుల ప్రస్తావన తేరాదు (రోగి తెస్తే వినవచ్చు). వీటన్నింటిలోకీ ముఖ్యమైన నిబంధన మరొకటి ఉంది. సెలైన్ బాటిల్ ఎక్కుతుండగా చూస్తేనే పరామర్శ. బాటిల్ దించాక చూస్తే అది ఉత్త పలకరింపు, లెక్కలోకి రాదు.

ఈ నిబంధన ఒక పిల్లి ప్రాణం మీదికి తెస్తుందని అప్పటికి ఎవరూ ఊహించలేదు.

ఆ పిల్లి మూడో అంతస్తులో ఉండే సూర్యప్రభది. పసుపు ఒంటి మీద పోపు గింజల్లా నల్లచుక్కలు ఉండటంతో దానికి పులిహోర అని పేరు పెట్టారు. సూర్యప్రభ చంపాపేట్‌లో ఒక సహకార బ్యాంకులో క్లర్కు. భర్త మల్లికార్జునరావు దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో పోటీ పరీక్షలకు అరిథ్‌మెటిక్ చెప్తాడు. పులిహోర ఏ పనీ చేయదు. అందుకే ఆ ఇంట్లో దాని మాటే చెల్లుతుంది.

వానాకాలం మొదట్లో పులిహోర తిండి మానేసి, నీళ్ల గిన్నె దగ్గరే కూర్చోవడం మొదలుపెట్టింది. మెట్రో పిల్లరు పక్కన చిన్న క్లినిక్ పెట్టుకున్న పశువైద్యురాలు డాక్టర్ ప్రవీణ పరీక్షలు చేసి చూసింది.

"కిడ్నీలు అలిసిపోయినయ్ మేడమ్. వయసైంది కదా. ఒంట్ల నీళ్లు నిలుస్తలేవు. రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఇస్తే ఇంకా మంచిగనే బతుకుతది."

"రోజు విడిచి రోజు ఆటోలో తీసుకురావాలా డాక్టర్ గారూ? బుట్ట చూస్తేనే మంచం కిందికి దూరిపోతుంది."

"ఎందుకు? ఇంట్లనే ఇయ్యొచ్చు. ఖర్చు గూడ చానా తగ్గుతది. రండి, నేర్పిస్త."

నేర్పించింది. తను రాసిచ్చిన బాటిలే తేవాలి, ఎవరో చెప్పారని గ్లూకోజు ఎక్కించకూడదు. బాటిల్‌ను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచి, మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని చూడాలి. ప్రతిసారీ కొత్త సూది. భుజాల మధ్య చర్మాన్ని గుడారంలా పైకెత్తి, ఆ సందులో గుచ్చాలి. తను చెప్పిన గీత దాటి ఒక్క చుక్క ఎక్కువ ఇవ్వకూడదు. వాడిన సూదుల్ని గట్టి డబ్బాలో వేసి క్లినిక్‌కే తెచ్చివ్వాలి. పిల్లి ఆయాసపడినా, మర్నాటికి ఉబ్బు తగ్గకపోయినా ఆపేసి ఫోన్ చేయాలి.

"పది నిమిషాల పని మేడమ్. ఒక్కటే షరతు. ఆ పది నిమిషాలు ఇల్లు నిమ్మలంగ ఉండాలె."

(డాక్టర్ ప్రవీణ సొంత ఇంట్లో ఉంటుంది. అపార్ట్‌మెంటులో ఎప్పుడూ ఉండలేదు.)

ఇంట్లో పులిహోర ఒప్పుకున్న చోటు ఒక్కటే. బాల్కనీలో వాషింగ్ మెషీన్ మూత మీద, పొద్దుటి ఎండలో. బాటిల్ కట్టడానికి మల్లికార్జునరావు ఒక ఏర్పాటు చేశాడు. బట్టలారేసే కడ్డీకి పుల్లీ ఉంది. తాడు లాగితే కడ్డీ పైకి పోతుంది, దానితో బాటిలూ పోతుంది. ఎత్తు పెరిగేకొద్దీ ధార పెరుగుతుందని పాఠం కూడా చెప్పాడు. మొదటి రోజు పని సజావుగా జరిగింది. సాయంత్రానికి పులిహోర గిన్నెలో చేప ముక్క మాయమైంది. సూర్యప్రభ ఆ ఖాళీ గిన్నెను ఫొటో తీసి డాక్టరుకు పంపింది.

ఆ బాల్కనీ కింది గేటుకు ఎదురుగా ఉంటుంది. రెండోసారి బాటిల్ పైకి లేచిన సమయానికి యాదగిరి వాళ్లమ్మ కృష్ణమ్మ గేటు దగ్గర పాల ప్యాకెట్లు తీసుకుంటోంది. తల పైకెత్తి చూసింది.

పులిహోర వీపున సూది గుచ్చీ గుచ్చగానే బెల్ మోగింది. పులిహోర సూదిని విదిలించుకుని వాషింగ్ మెషీన్ వెనక్కి దూకింది. సెలైన్ ధార మల్లికార్జునరావు కళ్లజోడు మీద పడింది. సూర్యప్రభ తలుపు తీసేసరికి ఎదురుగా కృష్ణమ్మ, కొబ్బరిబోండాం.

"ఏంది బిడ్డా, సార్‌కు బాటిల్ ఎక్కిస్తున్నరా? ఒక్క మాటన్న చెప్పకపోతివి?"

"ఆయనకి కాదండీ. పిల్లికి. కిడ్నీలు పాడయ్యాయి."

కృష్ణమ్మ అయ్యో అన్నట్టు చూసింది. పెద్ద రోగం వచ్చిన ఇంట్లో ముందు అందరూ కాదనే అంటారు. ఆమె చూసిన లోకంలో రోగం ఎంత పెద్దదైతే అంత గట్టిగా కాదంటారు. పిల్లి మీదికి నెట్టేశారంటే, పరిస్థితి ఏ స్థాయిలో ఉందో ఆమెకు అర్థమైపోయింది. అంతలో మల్లికార్జునరావు లోపలి నుంచి వచ్చాడు. చొక్కా తడిసి ఉంది, కళ్లజోడు లేదు, మనిషి తడుముకుంటూ నడుస్తున్నాడు.

"చూపు గూడ పోయిందా?" అంది కృష్ణమ్మ.

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ప్రకటన వచ్చింది. మల్లికార్జునరావు గారి మూత్రపిండాల నిమిత్తం పరామర్శల పట్టీ తయారైంది, సభ్యులు తమ వంతు పాటించగలరు. దాని కింద దండాల బొమ్మలు బారులు తీరాయి.

ఆ తర్వాత బాటిల్ ఎప్పుడు పైకి లేస్తే అప్పుడు బెల్ మోగింది. నిబంధన ప్రకారం అంతకుముందు రాకూడదు, ఆ తర్వాత వస్తే లెక్కలోకి రాదు. కింద గేటు దగ్గర ఇద్దరు పళ్లు పట్టుకుని తలలు పైకెత్తి, పుల్లీ ఎప్పుడు కదులుతుందా అని చూస్తూ నిలబడేవారు. పుల్లీ కదలగానే మెట్ల మీద చెప్పుల చప్పుడు. బెల్. పులిహోర పరారీ.

ఉదయం స్కూటరు తీయబోయిన మల్లికార్జునరావుకు యాదగిరి ఎదురొచ్చాడు. "గీ హాలత్‌ల గూడ డ్యూటీకా సార్? సెలైన్ ఎక్కిచ్చుకొని మరీ పోయి లెక్కలు చెప్తున్నరు. గిసుంటి సార్లు ఏడ దొరుకుతరు! జరుగుండ్రి, నేను తీస్త." స్కూటరును తానే గేటు బయటికి తెచ్చిపెట్టాడు. వారం తిరక్కుండా రోగుల కోటా కింద, పైకప్పు కారని పార్కింగ్ జాగా మల్లికార్జునరావుకు కేటాయించారు. దాని కోసం ఆయన నాలుగేళ్లుగా అర్జీలు పెడుతున్నాడు. మూత్రపిండాలు ఇంత పలుకుబడి గలవని ఆయనకు తెలియదు.

"ఏవండీ, మీకేమీ లేదని వాళ్లకి గట్టిగా చెప్పండి."

"చెప్పాను ప్రభా. ఎంత ధైర్యం సార్ మీకు అన్నారు." ఆయన దానిమ్మ గింజలు ఒలుచుకుంటున్నాడు. "కాస్త ఆగుదాం. వానాకాలం పోనీ. స్కూటరు తడవట్లేదు కదా."

సూర్యప్రభ ఆయన్ని చెయ్యి పట్టుకుని లేపింది. బాల్కనీలోకి తీసుకెళ్లి చూపించింది. పులిహోర గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. వీపున చర్మం పట్టి వదిలితే, ఎత్తిన మడత ఎత్తినట్టే నిలిచింది. గిన్నెలో చేప ముక్క పొద్దున పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఆ మొదటి రోజు తర్వాత నాలుగుసార్లు సూది గుచ్చాను. ఒక్కసారీ సగం కూడా ఎక్కలేదు. రేపు కూడా ఇంతేనైతే ఇది ఈ వారం దాటదు. మీ స్కూటరు తడవకపోతే చాలంటే చెప్పండి, బాటిల్ దించేస్తాను."

మల్లికార్జునరావు దానిమ్మ గిన్నె కింద పెట్టేశాడు. ఆ రోజు ఇంకేమీ తినలేదు.

సూర్యప్రభ గ్రూపులో సందేశం పెట్టింది. 'రేపు ఉదయం బాటిల్. ఉపసంఘం మొత్తం రావచ్చు. తలుపు తీసే ఉంటుంది, బెల్ కొట్టవద్దు. చెప్పులతోపాటు గొంతులు కూడా గుమ్మం బయటే విడవగలరు.'

వచ్చారు. విశ్వేశ్వరరావు పాత అలవాటు కొద్దీ జేబులో పెన్ను పెట్టుకొచ్చారు. కృష్ణమ్మ బత్తాయిలు తెచ్చింది. మంచం మీద ఉండాల్సిన రోగి లుంగీ కట్టుకుని అందరికీ కాఫీ అందిస్తున్నాడు. సంఘానికి అది అంత బాగా అనిపించలేదు.

"యాదగిరి గారూ, ఈ తాడు పట్టుకోండి. నేను చెప్పేదాకా వదలకూడదు."

యాదగిరి పట్టుకున్నాడు. బాలాపూర్ లడ్డూ వేలంలో కళ్లార్పకుండా పాట పెంచే మనిషి ఇక్కడ కళ్లు గట్టిగా మూసుకున్నాడు. సూర్యప్రభ మణికట్టు మీద చుక్క వేసి చూసుకుంది. పులిహోరను తువ్వాలులో పొదివి మూత మీద కూర్చోబెట్టింది. కొత్త సూది తొడిగింది. చర్మం పైకెత్తి గుచ్చింది.

"అమ్మా!" అన్నారు విశ్వేశ్వరరావు.

పిల్లి ఏమీ అనలేదు.

బాల్కనీలో చుక్కలు పడటం తప్ప చప్పుడు లేదు. భుజాల మధ్య నిమ్మకాయంత ఉబ్బు లేచింది. కాసేపటికి బత్తాయంత అయింది. కృష్ణమ్మ చేతిలోని బత్తాయితో పోల్చి చూసుకుని గుసగుసగా అడిగింది. "ఒంటె లెక్క అయితున్నది బిడ్డా! గట్లనే ఉంటదా?"

"ఉండదండీ. సాయంత్రానికి ఒంట్లో ఇంకిపోతుంది."

"మరి సార్ కిడ్నీలు?"

"బ్రహ్మాండంగా ఉన్నాయి."

బాటిల్ మీది గీత దగ్గరికి రాగానే సూర్యప్రభ సూది తీసి, గుచ్చిన చోట దూదితో అదిమి పట్టుకుంది. పులిహోర ఒళ్లు దులుపుకుంది. ఉపసంఘాన్ని ఒకసారి కలయజూసింది. ఎవరూ పనికొచ్చేవాళ్లలా కనిపించనట్టుంది, కిందికి దూకి గిన్నె దగ్గరికి పోయి చేప ముక్క కొరికింది. సూర్యప్రభ మొహం అటు తిప్పుకుని బట్టల క్లిప్పులు సర్దింది. సర్దాల్సిన క్లిప్పులు అక్కడ లేవు.

"మల్ల గీ తాడు ఇడువొచ్చా మేడమ్?" అన్నాడు యాదగిరి.

ఉపసంఘం ఆ సాయంత్రమే అత్యవసరంగా సమావేశమైంది. ఇన్నాళ్లూ జరిగిన పరామర్శలు చెల్లుతాయా అన్న ప్రశ్న వచ్చింది. పళ్లు మనిషే తిన్నాడు కాబట్టి చెల్లుతాయని విశ్వేశ్వరరావు తేల్చారు. పార్కింగ్ జాగా రద్దయింది. పిల్లులకు పరామర్శ గ్రూపులో ఒక దండం బొమ్మతో సరిపోతుందని తీర్మానించారు. చివరిగా సూర్యప్రభ కోరిన నిబంధనను ఏకగ్రీవంగా ఆమోదించారు. మూడో అంతస్తు బాల్కనీలో సెలైన్ బాటిల్ కనిపించినచో అది పిల్లిది. సభ్యులు ఆందోళన చెందరాదు, పైకి వెళ్లరాదు, బెల్ కొట్టరాదు.

వరసిద్ధి ఎన్‌క్లేవ్ చరిత్రలో ఒక నిబంధనను అందరూ పాటించడం అదే మొదలు. ఇల్లు నిమ్మలమైంది. పులిహోర ఒళ్లు చేసింది. సూర్యప్రభ చెయ్యి ఎంత కుదిరిందంటే, బ్యాంకుకు పోయే ముందు బాటిల్ పనీ ఉప్మా పనీ ఒకే ఊపులో అయిపోయేవి.

వానలు ముదిరాక మల్లికార్జునరావుకు డెంగీ వచ్చింది. కోచింగ్ సెంటర్ నుంచే నేరుగా ఆస్పత్రిలో చేర్చి, గండం గడిచాక ఇంటికి పంపారు. ఇంకో రెండు రోజులు సెలైన్ కావాలన్నారు. సందులోని క్లినిక్ నర్సు వచ్చి చేతికి సూది పెట్టి, బాటిల్ ఎక్కడ కట్టాలని అడిగింది. ఇంట్లో అందుకు తగిన చోటు ఒక్కటే ఉంది. గాలి కూడా తగులుతుందని మడతమంచం బాల్కనీలో వేసి, పుల్లీ తాడు లాగారు.

మల్లికార్జునరావు మెట్లవైపు చెవి పెట్టి పడుకున్నాడు. చెప్పుల చప్పుడు లేదు. బెల్ మోగలేదు.

సూర్యప్రభకు మెట్ల మీద విశ్వేశ్వరరావు ఎదురయ్యారు. "ఈసారి బాటిల్ ఆయనకేనండీ. డెంగీ."

ఆయన నవ్వారు. "మమ్మల్ని ఒకసారి పరుగెత్తించారు, చాలమ్మా. మళ్లీ పార్కింగ్ కోసమే కదా? నిబంధన మీరే అడిగి పెట్టించుకున్నారు."

కింద గేటు దగ్గర కృష్ణమ్మ పాల ప్యాకెట్లు తీసుకుంటూ తల పైకెత్తింది. బాటిల్‌ను చూసింది. ఊచల మధ్య నుంచి మల్లికార్జునరావు ఖాళీగా ఉన్న చెయ్యి నీరసంగా ఊపాడు.

"పిల్లి మంచిగున్నదా సార్?" అని కేకేసి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

ఫోన్ టింగుమంది. గ్రూపులో ఎవరో దండం బొమ్మ పెట్టారు. పిల్లికి.

ఆయన్ని పరామర్శించడానికి వచ్చింది పులిహోర ఒక్కతే. అదీ ఉత్త చేతులతో.