పెండింగు సున్నా

శుక్రవారం పొద్దున్న నాలుగో సీటు గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండింటికల్లా రిలీవింగ్ కాగితం మీద సూపరింటెండెంటుగారి చేత సంతకం చేయించుకోవాలి. ఒంటిగంటన్నర బస్సెక్కాలి. చీకటి పడేలోగా ఇల్లు చేరాలి. ఇల్లంటే అతను ఆరేళ్ళుగా అద్దెకుంటున్న గది కాదు. నాలుగు గంటల ప్రయాణం అవతల, భార్య నర్సుగా పనిచేసే ఊళ్ళో ఉన్న ఇల్లు. ఏడేళ్ళ కూతురు అతన్ని ఎవరికైనా పరిచయం చేయాల్సి వస్తే "మా ఆదివారం నాన్న" అంటుంది. విన్నవాళ్ళు నవ్వుతారు. అతను మాత్రం నవ్వలేడు.

ఆరేళ్ళు అర్జీలు పెట్టగా పెట్టగా బదిలీ వచ్చింది. శనివారం ఉదయం అక్కడ చేరకపోతే ఆ ఖాళీ జాబితాలో తరవాతి మనిషికి పోతుందని ఉత్తర్వులో స్పష్టంగా రాశారు. అందుకని గది ఖాళీ చేసి, ట్రంకు పెట్టే, చుట్టిన పరుపూ ఆఫీసుకే తెచ్చి బల్ల కింద తోశాడు. కాళ్ళకు చోటు లేక వాటిని పరుపు మీదే పెట్టుకుని కూర్చున్నాడు.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని పెద్దలు ఊరికే అనలేదు. ఆ నీటి సరఫరా ఆఫీసులో పూజారి పాత్ర నాలుగో సీటు కంప్యూటరుది. మూడు నెలల కిందట దానికి తనంతట తానే అప్‌డేట్ చేసుకోవాలన్న బుద్ధి పుట్టింది. మొదలుపెట్టి సగంలో ఆగిపోయింది. అది మొదలు పదకొండు నిమిషాలకోసారి తెర మూలన ఒక చిన్న పెట్టె లేచి, "అప్‌డేట్ పూర్తి కాలేదు. మళ్ళీ ప్రయత్నిస్తాం" అని చెబుతుంది. చెప్పి ఊరుకుంటే ఎవరికీ బాధ లేదు. ఏ యంత్రంలో ఏ తప్పు కనిపించినా అది ఆ సీటు మీద ఫిర్యాదుగా దానంతటదే నమోదయ్యేలా ప్రధాన కార్యాలయం వారు ఏర్పాటు చేశారు. ఫిర్యాదు మూయాలంటే కారణం రాయాలి. కారణం యాభై అక్షరాలకు తగ్గితే యంత్రం ఒప్పుకోదు.

మొదటి వారం గుమాస్తా ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాశాడు. రెండో నెలకు అతని దగ్గరున్న కారణాలన్నీ అయిపోయాయి. కుళాయి కనెక్షన్ల కోసం వచ్చినవాళ్ళు కిటికీ అవతల నిలబడి గొణుగుతుంటే, "యంత్రం ప్రయత్నించింది, కుదరలేదు, మనుషులకు మాత్రం అనుకున్నవన్నీ కుదురుతున్నాయా" అని రాసి మూసేవాడు. పైన చదివే నాథుడు లేడని అతనికి నమ్మకం.

ఇప్పుడు తెర మూలన లేచే ఆ పెట్టే కాళ్ళకు చుట్టుకుంది. సీటు మీద పెండింగు ఉన్న మనిషిని రిలీవ్ చేయకూడదని నియమం. పెండింగు సున్నా అని అదే సీటు నుంచి కాగితం తీయాలి, సంతకం పెట్టే క్షణానికీ తెర మీద సున్నాయే ఉండాలి. సూపరింటెండెంటుగారు చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, కసరడు. నియమం దగ్గర మాత్రం తండ్రినైనా గుమ్మం బయట నిలబెట్టే రకం.

పదీ నలభైకి గుమాస్తా ఆఖరి ఫిర్యాదు మూసి, కాగితం తీసి, ఆయన బల్ల దగ్గరికి పరిగెత్తాడు. ఆయన కాగితాన్ని పైనున్న ఆఫీసు చిరునామాతో సహా చదివి, నింపాదిగా లేచి నాలుగో సీటు దాకా వచ్చి, కళ్ళజోడు మరిచిపోయానని వెనక్కి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి పెట్టె లేచింది.

"ఒకటుందిగా" అన్నారు, నొచ్చుకుంటూనే.

రెండోసారి గుమాస్తా ఆయన కళ్ళజోడూ కలమూ ముందే తెచ్చి తన బల్ల మీద పెట్టుకున్నాడు. ఆయనా వచ్చారు. తీరా చూస్తే ఆఫీసు ముద్ర బీరువాలో ఉంది. బీరువా తాళాలు రికార్డులు చూసే అక్క దగ్గరున్నాయి. అక్క టీకి వెళ్ళింది. ఆమె వచ్చి, తాళాలగుత్తిలో సరైనది వెతికేలోగా పదకొండు నిమిషాలూ అయిపోయాయి. తన తప్పేమీ లేకపోయినా ఆవిడే ఎక్కువ బాధపడింది.

ఇలా కాదని కంప్యూటర్లు బాగుచేసే అతన్ని పిలిపించారు. అతను కాసేపు మీటలు నొక్కి తల పంకించాడు.

"ఈ తప్పు పోవాలంటే కొత్త అప్‌డేట్ వెయ్యాలండి."

"అయితే వేసెయ్యి నాయనా."

"ఈ పాతది పూర్తయితే గానీ కొత్తది దిగదండి."

అయినా పిలిచాక ఏదో ఒకటి చేయకపోతే బాగుండదనుకున్నాడేమో, ఇంకో నాలుగు మీటలు నొక్కి వెళ్ళాడు. ఆ తరవాత రెండో పెట్టె కూడా లేవడం మొదలైంది. మొదటి పెట్టె సంగతిని పైవాళ్ళకు తెలియజేయలేకపోయామని దాని సారాంశం. దానిదీ వేరే ఫిర్యాదే. రెండూ వంతులు వేసుకోవడంతో మధ్య వ్యవధి అయిదు నిమిషాలకు దిగింది. ఒంటిగంటన్నర బస్సు వెళ్ళిపోయింది. ఇక మిగిలింది అయిదు గంటలదొక్కటే.

మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, రెండింటికి ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. గడిచిన మూడు నెలల్లో మూడు వేల రెండు వందల పద్దెనిమిది ఫిర్యాదులను ఆ రోజుకారోజు పరిష్కరించిన నాలుగో సీటు, శాఖ మొత్తంలో ప్రథమ స్థానంలో నిలిచిందట. సూపరింటెండెంటుగారు దాన్ని రెండుసార్లు చదివి, గుమాస్తాను తేరిపార చూశారు.

"ఇంతటివాణ్ణి వదిలేశానంటే రేపు పైవాళ్ళు నన్నడగరూ? నీ బదిలీ ఆపమని రాస్తున్నానయ్యా. నీ మంచికే."

గుమాస్తా ఉత్తరం నకలు పట్టుకుని వరండాలోకి వెళ్ళి భార్యకు ఫోన్ చేశాడు. జరిగిందంతా చెప్పి, పాపకు ఎలా చెప్పాలో తెలియడం లేదన్నాడు. ఆమె వార్డులో ఉంది. ఒక చేత్తో ఎవరికో మందు పోస్తూనే విన్నది.

"ఆ ఉత్తరంలో మీ పేరుందా?"

అతను వెతికాడు. ఎక్కడా లేదు. నాలుగో సీటు అనే ఉంది.

"మరింకేమండీ, వాళ్ళు మెచ్చుకున్నది కుర్చీని. కుర్చీ వాళ్ళకిచ్చేసి మీరు రండి" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

లోపలికి వస్తూ గుమాస్తా ఆఫీసంతా కొత్తగా చూశాడు. సూపరింటెండెంటుగారిది ఒకటో సీటు. ఆయన బల్ల మీదా ఒక కంప్యూటరుంది. రెండేళ్ళ కిందట వచ్చింది, ప్లాస్టిక్ తొడుగు ఇంకా తీయలేదు. దాని నెత్తిన ఫైళ్ళు పెట్టుకుంటారు. ఒక్కసారీ వెలగని యంత్రం మీద ఒక్క ఫిర్యాదైనా ఎలా ఉంటుంది?

"సార్, ప్రథమ స్థానం వచ్చింది సీటుకి" అన్నాడు మెల్లగా. "పైనుంచి ఎవరైనా చూడ్డానికొస్తే ఆ కుర్చీలో నేనుంటే ఏం బాగుంటుంది? ఆఫీసు మీది. మీరే కూర్చోవాలి. నేనిక్కడే ఉంటే ఆ పేరు నాదంటారు కూడాను."

సూపరింటెండెంటుగారు బదిలీ ఆపమని రాయబోయిన కాగితాన్ని చింపేశారు. తరవాత తెల్లకాగితం తీసుకుని, మూడు గంటల నుంచి తాను నాలుగో సీటును స్వయంగా నిర్వహిస్తాననీ, గుమాస్తా ఒకటో సీటుకు మారాడనీ ఉత్తర్వు రాశారు. ఆయన కుర్చీ మెత్త, పేరుపలక, మంచినీళ్ళ గ్లాసు ఒకటొకటిగా కిటికీ పక్కకు చేరాయి. తాళాలు ఈసారి అక్క చేతిలోనే ఉన్నాయి. గుమాస్తా తొడుగు లాగి కంప్యూటరు వెలిగించాడు. రెండేళ్ళ నిద్ర లేచిన యంత్రం ఒళ్ళు విరుచుకోవడానికి పావుగంట తీసుకుని, చివరికి పెండింగు సున్నా చూపించింది. కాగితం బయటికొచ్చింది.

సంతకం చేయాల్సిన మనిషి మాత్రం అప్పటికే పనిలో పడ్డారు. నాలుగో సీటులో పెట్టె లేచింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, యాభై అక్షరాలు చాలవన్నట్టు, సవివరంగా కారణం రాస్తున్నారు. గుమాస్తా కాగితం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. గోడ గడియారంలో నాలుగూ నలభై. ఒకటో సీటు యంత్రానికి ఇంకా ఏ బుద్ధీ పుట్టకూడదని అతను మొక్కని దేవుడు లేడు. ఆయన వాక్యం ముగించి, చుక్క పెట్టి, లేచి వచ్చి, తెర మీద సున్నా చూసి, సంతకం చేశారు. గుమాస్తా ట్రంకు పెట్టే, పరుపూ ఎత్తుకుని పరిగెత్తాడు. ఒకటో సీటు కంప్యూటరు ఆపడం మరిచిపోయాడు.

సూపరింటెండెంటుగారు రాసే కారణాలు ఎంత గంభీరంగా ఉండేవంటే, ప్రధాన కార్యాలయంలో మొట్టమొదటిసారి ఎవరో వాటిని చదివారు. చదివి ముచ్చటపడ్డారు. నెల తిరక్కుండా పదోన్నతి ఇచ్చి, తమ దగ్గరికే రమ్మని ఉత్తర్వు పంపారు. రిలీవింగ్ కాగితం మీద సంతకం ఆయనదే. నియమం కూడా ఆయనదే.

ఒక బుధవారం పొద్దున్న గుమాస్తా కూతురికి జడ వేస్తుంటే ఫోన్ మోగింది.

"ఎలా బయటపడ్డావయ్యా నువ్వు?" అవతలి గొంతు సూపరింటెండెంటుగారిది, బాగా అలిసిపోయి ఉంది. ఒక కారణం సవివరంగా రాసి ముగించేలోగా ఇంకో పెట్టె లేస్తోందట.

కుర్చీ ఇంకెవరికైనా ఇచ్చేయమని గుమాస్తా వినయంగా సలహా చెప్పాడు. ఆయన అదీ చూశారట. ఆఫీసులో ఎవరూ ఆ కిటికీ పక్కకు రావడం లేదు. పోనీ తన పాత సీటుకే పోదామంటే, వెలిగించి వదిలేసిన ఆ కంప్యూటరుకూ అప్‌డేట్ చేసుకోవాలన్న బుద్ధి పుట్టింది. పోనీ ఒక్కసారికి కళ్ళు మూసుకుని సంతకం పెట్టేయండి సార్ అంటే, అంత మాట అనకయ్యా అని ఆయన ఫోన్ పెట్టేశారు.

ఆ పదోన్నతి ఉత్తర్వు వచ్చి ఇప్పటికి నాలుగు నెలలు.